మేకపిల్లలు పోతున్నాయి, కయోటీలకు ట్రాప్ పెట్టాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది సిద్దిపేట దగ్గర పల్లె. పదకొండేళ్లుగా డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాను. రెండేళ్ల కింద షెర్మన్ వైపు 14 ఎకరాలు కొని ఇల్లు కట్టుకున్నాం. భూమి పన్ను తగ్గుతుందని 22 బోయర్ మేకలు (మాంసం కోసం పెంచే జాతి) పెట్టాం. ఈ నవంబర్‌లో మూడు వారాల్లో నాలుగు పిల్లలు పోయాయి. రాత్రిళ్లు కయోటీలు, అంటే మన నక్క, తోడేలు లాంటి ఇక్కడి అడవి జంతువులు, అరుస్తున్నాయి. ట్రాపులు పెట్టుకోమని పక్క రాంచ్ పెద్దాయన అన్నాడు. నాకు అందులో ఓనమాలు కూడా తెలియవు. ఏ ట్రాప్ కొనాలి, ఎక్కడ పెట్టాలి, చట్టం ఒప్పుకుంటుందా? బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలేస్తే మనకు పాపం అంటదు కదా అని మా ఆవిడ అడుగుతోంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పిల్లలు పోయాయన్నావు, కయోటీలు అరుస్తున్నాయన్నావు. చచ్చిన పిల్ల ఎలా పడి ఉందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. టెక్సస్‌లో ఏ పల్లెలో పడుకున్నా కయోటీ అరుపు వినిపిస్తుంది. రెండు కలిసి గొంతెత్తితే పది ఉన్నాయేమో అనిపిస్తుంది. వాటిలో చాలావరకు ఎలుకలు, కుందేళ్లు, రాలిన పళ్లు తిని బతికేవే. అందుకే ట్రాప్ కొనే ముందు నీ మేకపిల్లలను చంపిందెవరో తేలాలి.

ఈసారి పిల్ల చచ్చి కనిపిస్తే వెంటనే పూడ్చకు. గ్లోవ్స్ వేసుకుని మెడ దగ్గర చర్మం ఒలిచి చూడు. మొదటిసారి చేయాలంటే మనసు ఒప్పదు, అయినా చూడాలి. కయోటీ సాధారణంగా దవడ కింద గొంతు పట్టుకుని ఊపిరాడకుండా చేస్తుంది. చర్మం కింద పళ్లు దిగిన గుంటలు, వాటి చుట్టూ గడ్డకట్టిన రక్తం, కమిలిన మాంసం ఉంటే పిల్ల ప్రాణంతో ఉండగానే పట్టిందని అర్థం. కమిలిన గుర్తు ఎక్కడా లేకుండా ఒళ్లు చీలి ఉంటే, జబ్బుతోనో చలికో చచ్చిన పిల్లను తర్వాత ఏదో వచ్చి తిన్నదన్నమాట. వెనక తొడలు, చెవులు చీరేసి, ఒకే రాత్రి నాలుగైదు జీవాలను గాయపరిచి, తినకుండా వదిలేసి పోయిందంటే అది ఎక్కువగా కుక్కల పని. అప్పుడే పుట్టిన పిల్ల కళ్లు, నాలుక, బొడ్డు పోయాయంటే పైకి చూడు. ఇక్కడి నల్ల రాబందులు ఈనుతున్న మేక చుట్టూ చేరి పిల్లను పొడిచి చంపుతాయి. 1918 నాటి వలస పక్షుల చట్టం వాటిని కాపాడుతోంది కాబట్టి అనుమతి లేకుండా వాటి మీద చెయ్యి వేయకూడదు.

అడుగులు కూడా చూడు. కయోటీ అడుగు కోలగా, పొందికగా ఉంటుంది, ముందు రెండు గోళ్లు దగ్గరగా నేరుగా పడతాయి. కుక్క అడుగు గుండ్రంగా, వేళ్లు విచ్చుకుని ఉంటుంది. పనిమీద పోయే కయోటీ గీత గీసినట్టు తిన్నగా నడుస్తుంది, కుక్క అటూ ఇటూ తిరుగుతుంది. కంచె కింద సందు ఉన్న రెండు మూడు చోట్ల ట్రైల్ కెమెరాలు, అంటే జంతువు కదిలితే వాటంతటవే ఫోటో తీసేవి, కట్టు. వారం రోజుల్లో ఎవరు వస్తున్నారో, ఏ వేళకు వస్తున్నారో నీకే తెలుస్తుంది.

ఇక చట్టం. టెక్సస్‌లో కయోటీకి వేట కాలమంటూ లేదు, ఇన్నే పట్టాలన్న పరిమితి లేదు. మామూలుగా వేట లైసెన్స్ కావాలి. జీవాల మీద పడుతున్న, పడబోతున్న, ఈ మధ్యే పడిన కయోటీని భూమి యజమాని పట్టుకుంటే ఆ లైసెన్స్ అక్కర్లేదు. అయినా నేను లైసెన్స్ తీసుకోమనే చెబుతాను, దానికి నీ వీసాతో సంబంధం ఉంది. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. పక్కింటాయన సరదాగా చేతికి తుపాకీ ఇచ్చినా చిక్కే. గ్రీన్ కార్డు వరుసలో ఇన్నేళ్లు నిలబడినవాడివి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడకుండా తుపాకీ జోలికి వెళ్లకు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

ఇది వేరే రాష్ట్రాల మనవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. నేను చెప్పేది టెక్సస్ సంగతి. కొలరాడో, మసాచుసెట్స్‌లో 1996లో, కాలిఫోర్నియాలో 1998లో, వాషింగ్టన్‌లో 2000లో జనమే ఓటేసి కాలు పట్టే ట్రాపుల మీద గట్టి ఆంక్షలు పెట్టారు. ఇక ఊళ్లో మన అన్నదమ్ములకు ఇది చెప్పి చేయించే పని అసలు వద్దు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉచ్చు పెట్టడం కూడా వేటే. అడవిపందికని పొలం గట్టున పెట్టిన ఉచ్చులో చిరుతలు, పులులు చిక్కి చచ్చిన ఘటనలు మన దగ్గర ఉన్నాయి.

ట్రాప్ కంటే ముందు ఈ రాత్రి నుంచే చేయాల్సిన పని ఒకటుంది. మాది పాలమూరు వైపు. మా నాన్న నలభై ఏళ్లు గొర్ల మందతో తిరిగాడు. చీకటి పడితే మందను తడకల మధ్యకు తోలి, గొంగడి కప్పుకుని దాని పక్కనే పడుకునేవాడు. తోడేలు, నక్క తిరిగే చోట మంద ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఉండేది కాదు. ఇక్కడ మనం పద్నాలుగు ఎకరాల్లో జీవాలను విడిచిపెట్టి, లోపల ఏసీలో పడుకుంటున్నాం. కయోటీ ఎక్కువగా తిరిగేది రాత్రి, తెల్లవారుజామున. సాయంత్రం మేకలను షెడ్డులోకి తోలి తలుపు వేస్తే సగం నష్టం అక్కడే ఆగుతుంది. ఈనడానికి వచ్చిన మేకలను ఇంటి దగ్గరే ఉంచు, మాయ పడిన వెంటనే తీసేయి. చచ్చిన జీవాన్ని పొలం మూలన పడేయకు. మేక మాంసం రుచి మనమే అలవాటు చేసినట్టవుతుంది.

కంచె చుట్టూ ఒకసారి నడువు. అడుగున బెత్తెడు సందు ఉన్నా కయోటీ పొట్ట ఆనించి దూరుతుంది, లేకపోతే తవ్వుతుంది. మేకల కోసం వేసే అల్లిక కంచె అడుగున బయటివైపు ఒక కరెంటు తీగ, పైన ఇంకోటి లాగితే బాగా పనిచేస్తుంది. కరెంటు అంటే దానికోసం అమ్మే ఫెన్స్ చార్జర్, ఇంటి లైను కాదు. కాపలా కుక్కల్లో ఇక్కడ ఎక్కువమంది పెట్టుకునేది గ్రేట్ పిరనీస్. పిల్లప్పటి నుంచి మందలోనే పెరగాలి, పనికొచ్చేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. వీలైతే ఎదిగిన కుక్కనే కొనుక్కో. గాడిద కూడా మంచిదే, ఆడదైనా విత్తులు తీసిన మగదైనా ఒక్కదాన్నే పెట్టాలి. రెండుంటే అవి రెండూ కలిసి తిరుగుతాయి, మందను పట్టించుకోవు. మేకల దాణా కొన్నింటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. అది గాడిదకు విషం. దాణా బస్తా మీద చదవకుండా గాడిదను మేకల తొట్టి దగ్గరకు రానివ్వకు.

ఇవన్నీ చేశాక కూడా పిల్లలు పోతుంటే, కెమెరాలో అదే కయోటీ అదే దారిన వస్తుంటే, అప్పుడు ట్రాప్. కయోటీలను లేకుండా చేద్దామన్న ఆలోచన పెట్టుకోకు. 1931లో అమెరికా కాంగ్రెస్ దానికి చట్టమే చేసింది. విషం, తుపాకీ, ట్రాప్, విమానాలు అన్నీ వాడారు. కయోటీ ఈరోజు అలాస్కా నుంచి పనామా దాకా ఉంది. ఒకచోట సంఖ్య తగ్గితే మిగిలినవాటికి తిండి దొరికి ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఖాళీ అయిన చోటికి కొత్త జంట వస్తుంది. పైగా మేకల జోలికి రాని జంట నీ చుట్టుపక్కల ఉంటే, అది పరాయి కయోటీలను రానివ్వకుండా నీకు కాపలా కాస్తోందని లెక్క. దాన్ని చంపుకుంటే నష్టం నీదే. నీకు కావాల్సింది దారి మరిగిన ఆ ఒక్కటి, లేదా ఆ జంట.

మన దగ్గర పట్టడం అంటే బోను గుర్తొస్తుంది. ఎదిగిన కయోటీ బోనులోకి రావడం చాలా అరుదు. ఇక్కడ వాడేది ఫుట్‌హోల్డ్ ట్రాప్, మట్టిలో దాచిపెట్టేది, అడుగు పడితే పాదాన్ని పట్టి ఉంచేది. పాత కాలపు పళ్ల ట్రాప్ బొమ్మలు చూసి అదే అనుకోకు, అలాంటివి కొననే కొనకు. మూడో నంబర్ సైజులో, దవడలకు రబ్బరు మెత్త ఉన్నది గానీ, దవడలు మందంగా ఉండి మూసుకున్నా మధ్య కొంచెం సందు ఉండేది గానీ తీసుకో. గొలుసు పొట్టిగా ఉండాలి, దానికి రెండు మూడు చోట్ల అన్ని వైపులా తిరిగే స్వివెల్ ఉండాలి. కయోటీ గింజుకున్నప్పుడు కాలు మెలిపడకుండా కాపాడేది అదే. అసోసియేషన్ ఆఫ్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ ఏజెన్సీస్ అనే సంస్థ ఏ జంతువుకు ఏ ట్రాప్ తక్కువ గాయం చేస్తుందో పరీక్షించి, ఉచితంగా చదువుకునేలా పెట్టింది. కయోటీకి విడిగా ఒక పత్రం ఉంది. డబ్బు ఖర్చు పెట్టే ముందు అది చదువు.

మొదటిసారి ఒక్కడివే చేయకు. ట్రాప్ పెట్టడం పుస్తకంతో వచ్చే పని కాదు, పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ (రైతులకు సలహాలిచ్చే యూనివర్సిటీ విభాగం), యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) కలిసి నడిపే టెక్సస్ వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ విభాగం ఉంది, రైతుల జీవాలను జంతువుల నుంచి కాపాడటమే వాళ్ల పని. మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. మీ పక్క రాంచ్ పెద్దాయనకు చేతనైతే ఆయన్నే ఒక పూట రమ్మను. నాకు నేర్పింది అలాంటి ఒక ముసలాయనే. మూడు రోజులు తన వెంట తిప్పుకుని, నాలుగో రోజు నా చేతికి ట్రాప్ ఇచ్చాడు.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. కయోటీ నడిచే దారి చూసుకో. రెండు బాటలు కలిసే చోటు, గేటు మూల, చెరువు కట్ట చివర. ఇక్కడివాళ్లు ఆ చెరువును ట్యాంక్ అంటారు. దాని పెంట కనిపించే చోటు మరీ మంచిది. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, వాసన బాట మీదికి పోయేలా పక్కన చోటు ఎంచుకో. ఒక గడ్డి దుబ్బు మొదట్లో రెండు మూడు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు గుంట ఏటవాలుగా తవ్వు. ఎలుకో ఇంకేదో తిండి దాచుకున్న గుంటలా కనిపించాలి. ఆ గుంట ముందు జానెడు దూరంలో, మధ్యగీతకు కొంచెం పక్కగా ట్రాప్ వస్తుంది. కయోటీ ముక్కు గుంటలో పెట్టాలంటే ముందు కాలు అక్కడ పడుతుంది.

ట్రాప్ పట్టేంత పల్లం తవ్వి, ముందు దాన్ని కట్టేసే సంగతి చూడు. రెండున్నర అడుగుల ఇనుప కడ్డీలు రెండు, అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా కొట్టాలి. పట్టు ఊడి, కాలికి ట్రాప్‌తో కయోటీ పారిపోయిందంటే అంతకంటే ఘోరం ఉండదు. తర్వాత ట్రాప్ పరచి చుట్టూ మట్టి దట్టించు. వేలితో ఏ మూల నొక్కినా కదలకూడదు. పాదం కింద ఏదైనా ఊగితే కయోటీ తవ్వి తిప్పేసి వెళ్లిపోతుంది, ఇక ఆ చోటికి రాదు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. మధ్య పళ్లెం మీద రెండు మూడు పౌండ్ల బరువు పడితేనే మూసుకునేలా బిగించు, ఉడుతకూ కుందేలుకూ పడకుండా ఉంటుంది. పళ్లెం కింద మట్టి దూరకుండా ఒక గుడ్డ ముక్క వేసి, పైన జల్లించిన పొడి మట్టి పావు అంగుళం మందాన చల్లు. గుంటలో ఎర, దాని మీద కాస్త గడ్డి, గుంట అంచున నాలుగు చుక్కలు కయోటీ మూత్రం. ఎర, మూత్రం ట్రాపులు అమ్మే చోటే దొరుకుతాయి. ఎర పైకి కనిపించకూడదు, కనిపిస్తే డేగలు, గద్దలు వాలతాయి. చచ్చిన మేక పక్కనే ట్రాప్ పెట్టకూడదన్నదీ అందుకే.

నీకు ఇంకో కష్టం ఉంది. షెర్మన్ చుట్టుపక్కల చాలా భూమి మన నల్లరేగడే. దాని గుణం నీకు తెలుసు, తడిస్తే బంక, ఎండితే రాయి. వాన పడి ఆరిందంటే ట్రాప్ మీది మట్టి పెంకులా గట్టిపడి, అడుగు పడినా మూసుకోదు. ముందే పొడి ఇసుక మట్టి ఒక డబ్బాలో జల్లించి పెట్టుకుని పైన అదే వాడు, లేదా పీట్ మాస్ (మొక్కల దుకాణంలో దొరికే ఎండిన నాచు పొడి) కలుపు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. రెండో ఏడు మా గేటు పక్కన, బయటి రోడ్డుకు ముప్పై అడుగుల్లో ఒక ట్రాప్ పెట్టాను. కయోటీ అడుగులు స్పష్టంగా ఉన్నాయి, వేరే ఆలోచన రాలేదు. తెల్లారి వెళితే పక్కవాళ్ల ముసలి కుక్క పడి ఉంది. అరవడం కూడా మానేసింది. పాత దుప్పటి తలమీద కప్పి, స్ప్రింగులు రెండూ నొక్కి విడిపించాను. రబ్బరు దవడలు కాబట్టి ఎముక విరగలేదు, నాలుగు రోజులు కుంటింది. దాన్ని ఎత్తుకుని వాళ్ల ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. అది నన్ను నిందించలేదు, వాళ్లూ నిందించలేదు, కానీ ఆ కుక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ట్రాప్ పెట్టే ముందు చుట్టూ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి చెబుతాను. పెట్టిన ప్రతి చోటునూ ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటాను. మీ పిల్లలకు కూడా ఆ వైపు వెళ్లొద్దని చూపించి చెప్పు. మేకలు తిరిగే పెరట్లో, నీ కాపలా కుక్క వెళ్లే చోట ట్రాప్ పెట్టకూడదు. వాటిలో ముందు పడేవి అవే. కంచె సందులో తీగ ఉచ్చు పెడితే సులువని నీకు ఎవరైనా చెబుతారు. కుక్కలున్న చోట కొత్తవాడు ఉచ్చు పెట్టకూడదు. విషం మాట అసలు ఎత్తకు. మన ఊళ్లో గుళికలు కలిపి పెట్టేవాళ్లను చూసే ఉంటావు, ఇక్కడ అది పెద్ద నేరం.

ట్రాప్ పెట్టావంటే ప్రతి తెల్లవారుజామున వెలుగు రాకముందే లేచి చూడాలి. చలైనా, ఆఫీసు కాల్ ఉన్నా, పండగైనా. చాలా రాష్ట్రాల్లో 24 గంటలకోసారి చూడాలని చట్టమే ఉంది, నువ్వు చూడాల్సింది చట్టం కోసం కాదు, అందులో పడ్డ జీవం కోసం. చూడలేని రోజు, ఊరెళ్లే రోజు, మంచు తుఫాను వస్తుందన్న రోజు ట్రాపులన్నీ ముందే మూసేయి. ఇలా నెల రోజులు చేయలేననిపిస్తే ట్రాప్ కొనకు. అందులో తప్పేమీ లేదు, తెలిసిన ట్రాపర్‌ను పిలిపించుకో.

మరదలు అడిగిన మాటకు వస్తాను. పట్టి దూరంగా వదలడం కుదరదు. కయోటీలను, నక్కలను, రకూన్లను ప్రాణంతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడాన్ని టెక్సస్‌లో రేబిస్ క్వారంటైన్, అంటే పిచ్చికుక్క రోగం పాకకుండా పెట్టిన నిబంధన, నిషేధిస్తుంది. 1988లో దక్షిణ టెక్సస్ కయోటీల్లో కుక్కల రేబిస్ మొదలై పైకి పాకింది. 1995 నుంచి విమానాల్లోంచి టీకా ఎరలు జల్లి దాన్ని ఆపారు. ఇంకెవరి ఊరికో ఆ రోగాన్ని మోసుకెళ్లే పని మనం చేయకూడదు. పైగా వదిలిన చోట ఇంకో జంట ఉంటుంది, కొత్తదాన్ని కరిచి తరుముతుంది. తెలియని చోట దారి తప్పి, రోడ్ల మీద పడి చచ్చేవే ఎక్కువ. మన కంటికి కనబడదు, అంతే తేడా.

కాబట్టి ట్రాప్‌లో పడిన కయోటీని చంపాల్సిందే. తల మీద ఒక్క .22 గుండుతో, దగ్గర నుంచి, ఆలస్యం లేకుండా. నీ వీసా సంగతి తేలేదాకా ఆ పని పక్క పెద్దాయనో, ట్రాపరో చేయాలి. వాళ్లు వస్తామని ముందే మాట తీసుకున్నాకే ట్రాప్ తెరువు. చచ్చినదాన్ని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు. ఏ కయోటీ కరిచినా, గీరినా అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గుహలో పిల్లలుంటాయి, ఒక్కో ఈతకు సగటున ఆరు. తల్లి పోతే అవి ఆకలితో చస్తాయి. ఆ నెలల్లో నేను ట్రాప్ పెట్టను, జీవాలను షెడ్డులోనే ఉంచుకుంటాను. మరదలికి ఈ సంగతులన్నీ దాచకుండా చెప్పు. ఆమె వద్దంటే కుక్క, కంచె, షెడ్డుతోనే నెట్టుకురండి. అలా నెట్టుకొస్తున్న మనవాళ్లు నాకు నలుగురు తెలుసు.

మీ పిల్లల సంగతి అడిగావు. కయోటీ మనిషిని చూస్తే మామూలుగా తప్పుకుంటుంది. పొద్దుగూకాక పిల్లలను ఒంటరిగా బయటికి పంపకు, కుక్కల తిండి, చెత్తడబ్బా బయట వదలకు. పగటిపూట ఇంటి దగ్గరకొచ్చి బెదరకుండా నిలబడే కయోటీ కనిపిస్తే, తూలుతూ నడుస్తుంటే, పిల్లలను లోపలికి పిలిచి వెంటనే యానిమల్ కంట్రోల్‌కు ఫోన్ చెయ్యి.

ఈ సాయంత్రం మేకలను షెడ్డులోకి తోలు. శనివారం కంచె చుట్టూ నడిచి సందులు లెక్కపెట్టు, కెమెరాలు కట్టు. పది రోజులకు ఏం కనిపించిందో ఫోటోలతో రాయి, మెడ దగ్గర చర్మం కింద చూసింది కూడా రాయి. అది చూశాక ట్రాప్ ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందాం.